పన్నెండు ట్యాబులు, ఒక్క అకౌంటు

ఎస్తేరును మొదటిసారి ఎవరో "టీచరమ్మా" అని పిలిచినప్పుడు, ఆ పిల్ల తన వెనక ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. పిలుపు తనకే అని తెలిశాక చెవులు వేడెక్కాయి. "నేను టీచర్ని కాదండీ, నాకు కంప్యూటర్లు రావు" అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ అనలేదు. ఆ మాట ఆ రోజే అనేసి ఉంటే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు.

బెంగళూరు మారతహళ్ళిలో, రింగురోడ్డు వెనక సందులో, వెంకటేశప్ప జిరాక్సు కొట్టు మీద రెండో అంతస్తులో ఒక తెలుగు క్రైస్తవ సంఘం ఉంది. ఎనభై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కీబోర్డు, గోడకు పెద్ద శిలువ. వచ్చేవాళ్లంతా ప్రకాశం, గుంటూరు, కర్నూలు వైపుల నుంచి పనులకు వచ్చినవాళ్లు. డ్రైవర్లు, పీజీ హాస్టళ్లలో వంటవాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, చిన్న బళ్లలో పంతులమ్మలు. ఆ వేసవిలో దగ్గరున్న ఒక కంపెనీ వాళ్లు తాము వాడి పక్కన పెట్టిన ట్యాబులు పన్నెండు సంఘానికి ఇచ్చారు. పాస్టరుగారు వాటిని స్త్రీల కూడికకు ఇచ్చేశారు. పాటలు చూసుకోవచ్చు, వాక్యం చదువుకోవచ్చు, ఊళ్లో ఉన్న పిల్లలతో మాట్లాడుకోవచ్చు అన్నారు. ఆడవాళ్లు వాటిని ఇంటికి తీసుకెళ్లి, గుడ్డలో చుట్టి, బీరువాలో భద్రంగా పెట్టుకున్నారు. తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలే మరి.

అప్పుడే ఎస్తేరు పిన్ని నోరు జారింది. "మా అక్క కూతురు కంప్యూటర్లే చదువుతోంది అమ్మగారూ. అది నేర్పిస్తుంది" అంది పాస్టరుగారి భార్యతో.

ఎస్తేరుది గిద్దలూరు దగ్గర పల్లెటూరు. ఊరి బడిలో ఒక కంప్యూటరు ఉండేది. హెడ్మాస్టరు గదిలో, పూలగుడ్డ కింద. ఏటా ఆయుధపూజ నాడు గుడ్డ తీసి బొట్టు పెట్టేవారు, మర్నాడు మళ్లీ కప్పేసేవారు. పదో తరగతి అయ్యాక పిన్ని బెంగళూరు తీసుకొచ్చి పీయూ కాలేజీలో, అంటే ఇక్కడి ఇంటర్లో, చేర్చింది. కంప్యూటరు గ్రూపు అడిగితే సీటు రాలేదు. చరిత్ర, అర్థశాస్త్రం ఇచ్చారు. క్లాసులో ఇంగ్లీషు ప్రశ్న వేస్తే ఎస్తేరు లేచి నిలబడి బల్ల వైపు చూసేది. ఏడాది పొడుగునా ఆ బల్ల మీది గీతలు తప్ప ఏవీ సరిగ్గా చూసిన గుర్తు లేదు. పిన్నికి ఇదంతా తెలుసు. తెలిసీ ఆ మాట అంది. ఎస్తేరు పక్కనే ఉండి తల దించుకుంది. సిగ్గుపడుతోంది, వినయం గల పిల్ల అనుకున్నారు అమ్మగారు.

ఇక తప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నాలు పిన్ని ఫోను తీసుకుని ఎస్తేరు తెలుగు వీడియోలు చూసేది, చూసింది నోటుపుస్తకంలో రాసుకునేది, శనివారం సాయంత్రం నాలుగు గంటలకు అదే చెప్పేది. మొదటి శనివారం అక్షరాలు పెద్దవి చేయడం చెప్పింది. కళ్లజోడు మర్చిపోయి వచ్చిన రాహేలమ్మ అక్షరాలు వేలెడంత చేసుకుని, "ఇప్పుడు కనపడుతోందే నా తల్లీ! ఇన్నాళ్లూ ఇది నన్ను గుడ్డిదాన్ని చేసి ఆడిస్తోంది" అంది.

రాహేలమ్మ అరవై దాటిన మనిషి. మూడు అంతస్తుల పీజీలో వంట చేస్తుంది. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"మీటలు గట్టిగా నొక్కకండి పెద్దమ్మా. తాకితే చాలు."

"తాకితే మాట వినడానికి ఇదేమన్నా మా ఆయనా? ఆయనా వినేవాడు కాదులే!"

హాలంతా నవ్వులు. ఎస్తేరు కూడా నవ్వింది. బెంగళూరు వచ్చాక పదిమంది ముందు నవ్వడం ఆమెకు అదే మొదలు.

రెండో శనివారం మాట్లాడితే దానంతటదే రాసే పద్ధతి చూపించింది. మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడాలి, అంతే. ఆ రోజు అందరికంటే ఎక్కువ ముచ్చటపడింది విజయకుమారి. యాభై ఏళ్లుంటాయి. ఆసుపత్రిలో పని. సంఘంలో అందరూ "నర్సమ్మగారూ" అంటారు. ఎవరికి కళ్లు తిరిగినా, ఎవరి బిడ్డకు జ్వరం వచ్చినా ముందు ఆమెనే పిలుస్తారు. తక్కువ మాట్లాడే మనిషి.

"నేను మాట్టాడింది మాట్టాడినట్టు రాసేసిందే!" అంది తెరను చూసి. ఆమె వేళ్లు ఆసుపత్రి మందునీళ్లకు వాచి, పగిలి ఉంటాయి. కలం పట్టుకోవడం కష్టం. కూడికలో ఆడవాళ్లందరికీ ప్రార్థన పుస్తకాలు ఉన్నాయి, దేవుడితో చెప్పుకోవలసింది అందులో రాసుకుంటారు. ఆమె పుస్తకం మాత్రం ఎప్పుడూ ఖాళీ.

"ఇందులో ప్రార్థన రాసుకోవచ్చా అమ్మాయ్?"

"రాసుకోవచ్చు ఆంటీ. ఈ నోట్సులో రాసుకోండి."

"ఎవరూ చూడరుగా?"

"మీరు తప్ప ఎవరూ చూడరు."

ఆ రోజుకు అది నిజమే.

మూడో శనివారం వచ్చింది. తెర మీద ఉన్నదాన్ని ఫోటో తీసుకోవడానికి రెండు మీటలు కలిపి నొక్కాలని చెప్పింది. తర్వాత పాటల సంగతి. అమ్మగారు సంఘం పేరుతో ఉన్న అకౌంటులో, నోట్సులో, రెండు వందల పాటలు ఎప్పటినుంచో రాసి పెట్టుకున్నారు. అవి అందరి ట్యాబుల్లోకీ రావాలి. ఎవరి అకౌంటు వాళ్లు తెరుద్దామంటే అదో పెద్ద గొడవైంది. ఒకరికి నంబరు గుర్తులేదు, ఒకరి ఫోను కొడుకు దగ్గర ఉంది. రాహేలమ్మ అప్పటికే మూడు అకౌంట్లు తెరిచి, మూడింటి పాస్‌వర్డులూ మర్చిపోయింది.

"రేపు పాటలు లేకపోతే అయ్యగారు అడుగుతారమ్మా" అన్నారు అమ్మగారు.

ఎస్తేరు తన నోటుపుస్తకం తిరగేసింది. పుస్తకంలో దీనికి మందు లేదు. అప్పుడు తోచింది. సంఘం అకౌంటే అందరి ట్యాబుల్లోనూ పెట్టేస్తే? ఒక దాంట్లో పెట్టి చూసింది. ఇంగ్లీషులో పొడుగాటి మాట ఏదో వచ్చింది. చదివితే అర్థమయ్యేదాకా అందరూ తనవైపే చూస్తారు. కింద ఉన్న నీలం మీట నొక్కేసింది. పాటలన్నీ చకచకా వచ్చి పడ్డాయి. మిగతా పదకొండింటికీ అలాగే చేసింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మర్నాడు ఆరాధనలో పాస్టరుగారు పేరు పెట్టి మెచ్చుకున్నారు. పిన్ని చుట్టూ చూసుకుని చీర సర్దుకుంది.

సోమవారం ఎస్తేరు, నేర్పడానికని తనకు ఇచ్చిన ట్యాబు తెరిస్తే, నోట్సులో పాటల మధ్య కాగితంలాంటి కొత్త పేజీ ఒకటి కనపడింది. "ఉల్లిపాయలు పది కేజీలు కందిపప్పు అయిదు కరివేపాకు మర్చిపోవద్దు." రాహేలమ్మ పీజీ సరుకుల జాబితా! పెద్దమ్మ ఎలా పంపిందో గానీ తెలివైందే అనుకుని నవ్వుకుంది. ఇది నా దాంట్లోకి ఎందుకు వచ్చింది అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే సరిపోయేది. రెండు రోజుల గడువు ఉంది. ఆ గడువంతా నవ్వుకోవడానికే సరిపోయింది.

బుధవారం సాయంత్రం ఆరింటికి, పిన్ని పాలకోసం కిందికి వెళ్లినప్పుడు, ఇంకొక కాగితం వచ్చింది. చుక్కలూ లేవు, విరామాలూ లేవు.

"ప్రభువా నేను విజయకుమారిని నీకు తెలుసు నేను నర్సును కాదు ఆయాను పద్దెనిమిదేళ్లుగా వార్డులో పక్కలు మారుస్తున్నాను బెడ్‌పాన్లు ఎత్తుతున్నాను అది సిగ్గుపడే పని కాదు నువ్వు కూడా శిష్యుల కాళ్లు కడిగావు కానీ నేను సిగ్గుపడ్డాను మొదటిసారి ఈ సంఘానికి వచ్చిన రోజు ఒకాయన పడిపోతే కాళ్లు పైకెత్తి పడుకోబెట్టాను దేవుడు మనకు నర్సును పంపాడు అన్నారు అయ్యగారు నేను కాదనలేదు పదకొండేళ్లు అయింది ఈ ఆదివారం నర్సుల దినం అని శాలువా కప్పుతారంట నాకు ఆ శాలువా వద్దు నిజం చెప్పే ధైర్యం ఇవ్వు లేకపోతే జ్వరమైనా ఇవ్వు నాకు రాయడం నేర్పిన ఈ పిల్లను చల్లగా చూడు ఆమెన్"

ఎస్తేరు చదవడం ఆపలేకపోయింది. ఆపాలి అనుకుంటూనే చివరిదాకా చదివింది. ఒకరు తలుపు వేసుకుని బట్టలు మార్చుకుంటుంటే కిటికీలోంచి చూసినట్టు అనిపించింది. ఆమె కాదనలేదు, నేనూ కాదనలేదు. ఆమె కనీసం దేవుడికైనా చెప్పుకుంది, నేను ఆ పనీ చేయలేదు అనుకుంది.

ఆ తర్వాత గుర్తొచ్చింది, ఉల్లిపాయలు పది కేజీలు. రాహేలమ్మది వచ్చింది, ఇప్పుడు ఈమెది వచ్చింది. నాకు ఒక్కదానికేనా? అందరికీనా?

వెంటనే ఆ కాగితాన్ని తీసేసింది. అది పోయింది. పోయిందో లేదో పదిసార్లు తెరిచి చూసింది.

మర్నాడు పొద్దున్నే సంఘం సందుకు వెళ్లి వెంకటేశప్ప కొట్టు ముందు నిలబడింది. వెంకటేశప్పది పాత బెంగళూరు తెలుగు కుటుంబం. మూడు తరాలుగా ఇక్కడే. కొట్టులో జిరాక్సు మిషనుతో పాటు రెండు కంప్యూటర్లు ఉన్నాయి.

"ఏమమ్మా, ఏమి కావల్ల? సుమ్నే, ఊరికే నిలబడినావు?"

"నా ఫ్రెండు ఒకమ్మాయి అంకుల్... పన్నెండు ట్యాబుల్లో ఒకటే అకౌంటు పెట్టింది. అప్పుడు ఒకరు రాసింది ఇంకొకరికి కనిపిస్తుందా?"

"కనిపిస్తాది మరి. ఒగ మనిషే పన్నెండు పెట్టుకోని ఉండాడు అనుకుంటాది అది. అది దాని తప్పు కాదు, దాని పనే అది." ఆయన కళ్లజోడు మీదుగా చూశాడు. "ఒగ చోట తీసేస్తే అన్నిట్లోనూ పోతాది. అయితే అంతలోపల చూసినోళ్లు చూసేసుంటారు. దానికి ఎవరేమి చేసేకి అయితాది?"

"మరి ఎలా చేసి ఉండాల్సింది అంకుల్?"

"ఎవరి దాంట్లో వాళ్ల అకౌంటు పెట్టేసి, అందరికీ కావాల్సింది ఒగటి మాత్రమే పంచల్ల. అయిదు నిమిషాల పని. తెలీకుంటే అడగల్ల. నేను కిందనే ఉండాను కదా?" కాగితాలు సర్దుతూ అన్నాడు, "నీ ఫ్రెండుకు చెప్పు. అడిగితే ఎవరూ తినరని."

ఎస్తేరు తల ఊపి వచ్చేసింది. మూడు వారాలుగా పాఠాలకు ఆ కొట్టు ముందు నుంచే మెట్లెక్కింది. ఒక్కసారైనా ఆగి అడగలేదు. అడిగితే పైన చెప్పేస్తాడేమో, టీచరమ్మకు ఇది కూడా తెలీదా అంటారేమో అనే భయం.

ఆ సాయంత్రం కూరగాయల బండి దగ్గర రాహేలమ్మ ఎస్తేరు చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఏమే పిల్లా, చూశావా నువ్వు?"

"ఏంటి పెద్దమ్మా?"

రాహేలమ్మ సంచిలోంచి ట్యాబు తీసింది. వేలెడంత అక్షరాలు. "నేను నర్సును కాదు ఆయాను." పాఠం పూర్తిగా వంటబట్టింది. రెండు మీటలు కలిపి నొక్కి, తెరను కిందికి జరిపి, మళ్లీ నొక్కి మొత్తం అయిదు ఫోటోలు తీసి పెట్టుకుంది.

"నేను కూర తాలింపు వేసుకుంటున్నా. ఇది పక్కనే ఉంది. దానంతటదే వచ్చిందే! ఫోటో తీసుకున్నానో లేదో, దానంతటదే మాయమైంది. ఒళ్లు జలదరించింది నాకు. మనిషి చేసే పనేనా ఇది?"

"పెద్దమ్మా, అది..."

"దేవుడే బయటపెట్టాడు. మోసం చేసి శాలువా కప్పించుకుంటుంటే ఆయన ఊరుకుంటాడా? ఇరవై ఏళ్లు వందమందికి వండిపెట్టాను, నాకెవరూ శాలువా కప్పలేదు. నేనేమన్నా డాక్టర్నని చెప్పుకున్నానా?" గొంతు తగ్గించింది. "అమ్మగారికి చూపించా. ఆదివారం సాక్ష్యం చెబుతా."

ఎస్తేరు నోరు తెరిచింది. బండివాడు "టొమాటో ఎంత వేయమంటారమ్మా" అన్నాడు. రాహేలమ్మ అటు తిరిగింది. తెరిచిన నోరు మూసుకుని ఎస్తేరు ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఒక పాడు ఆలోచన వెంటపడింది. అందరూ దేవుడే చేశాడనుకుంటున్నారు. నన్ను ఎవరూ అనుమానించలేదు. నేను మాట్లాడకపోతే ఇది ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచనలో ఎంత హాయి ఉందో గమనించి తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ హాయిని వదల్లేదు.

శనివారం క్లాసుకు మెట్లెక్కుతుంటే, మొదటి అంతస్తు మలుపులో విజయకుమారి కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది. ఒడిలో ట్యాబు.

"అమ్మాయ్, ఇలా రా" అంది. ఎస్తేరు ఒక మెట్టు కింద నిలబడింది.

"మన అమ్మగారు ఫోన్ చేశారు. ఏమీ అనలేదు పాపం. నిజమేనా విజయమ్మా అని అడిగారు. అవునన్నాను." ఒడిలోని ట్యాబు చేతిలోకి తీసుకుంది. "నా గదిలో, తలుపేసుకుని, నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని చెప్పుకున్నానమ్మా. పక్కింటికి కూడా వినపడదు. మరి రాహేలమ్మకు ఎలా వెళ్లింది? నేనేదన్నా తప్పు నొక్కానా? నీకు తెలుసుగా ఇవన్నీ. చూసి చెప్పు."

ఇదే సమయం. మెట్ల మీద ఇద్దరే ఉన్నారు. కింద జిరాక్సు మిషను చప్పుడు. ఎస్తేరు ట్యాబు తీసుకుంది, అటూ ఇటూ తిప్పింది, ఏదో వెతుకుతున్నట్టు తెర మీద వేలు జరిపింది.

"తెలీదు ఆంటీ" అంది.

"నీకే తెలీదా?"

"తెలీదు."

విజయకుమారి మెల్లగా తల ఊపింది. "అయితే రాహేలమ్మ అన్నదే నిజం. ఆయనే బయటపెట్టాడు. ధైర్యం ఇవ్వమని అడిగానమ్మా. ఇవ్వకుండా నన్ను వీధిలో నిలబెట్టాడు. అంటే నా ముఖం చూడటం కూడా ఇష్టం లేదన్నమాట." కన్నీళ్లు లేవు ఆమె కళ్లలో. అది చూడటమే ఎస్తేరుకు కష్టమైంది. "నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ప్రార్థన చేద్దామంటే ఏమని చేయను? ఎవరికి చేయను?"

కొంగు దులుపుకుని లేచి కిందికి వెళ్లిపోయింది. ఎస్తేరు ఆ రోజు తలనొప్పి అని చెప్పి క్లాసు ఎగ్గొట్టింది. ఇంట్లో పిన్ని నుదుటికి బాము రాసింది. ఎందుకు ఏడుస్తున్నావంటే మంట అంది.

ఆదివారం హాలు నిండిపోయింది. ముందు బల్ల మీద మూడు శాలువాలు, వాటిమీద గులాబీలు. నిజం నర్సులు ఇద్దరు ముందు వరుసలో కూర్చున్నారు. మూడో కుర్చీ ఖాళీ. విజయకుమారి చివరి వరుసలో, తలుపు పక్కన, ముసుగు కిందికి లాక్కుని కూర్చుంది. వచ్చిందంటేనే ఆశ్చర్యం. రాకపోతే దేవుడికి ముఖం చాటేసినట్టవుతుందని వచ్చిందేమో. కుర్చీ వరుసల్లో గుసగుసలు పాకుతున్నాయి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు వెనక్కి తిరిగి చూస్తున్నారు.

పాటలయ్యాక పాస్టరుగారు సాక్ష్యాలు అడిగారు. ఆయన గొంతులో రోజూ ఉండే ఉత్సాహం లేదు. రాహేలమ్మ లేచి, మైకు అందుకుంది.

"ప్రభువు నామానికి స్తోత్రం. నేను చదువులేనిదాన్ని. మొన్న బుధవారం నా ట్యాబులో ఒక రాత దానంతటదే వచ్చింది. దాన్ని నేను చూశాక దానంతటదే పోయింది. పేరు చెప్పను, పేరు మీకు తెలుసు. దాచిపెట్టినదాన్ని దేవుడు తన చేత్తో రాసి..."

"కాదు" అని వినపడింది.

ఎస్తేరు చుట్టూ చూసింది. అందరూ తనవైపే చూస్తున్నారు. ఆ మాట అన్నది తనే. ఎప్పుడు లేచి నిలబడిందో కూడా తెలీదు. పక్కన పిన్ని పైట పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చోవే. ఏమైంది నీకు?"

"కాదు పెద్దమ్మా. దేవుడు రాయలేదు." గొంతు సగమే వచ్చింది. వెనకనుంచి ఎవరో "వినపడటం లేదు" అన్నారు. రాహేలమ్మ నోరు వెళ్లబెట్టి మైకు అలాగే పట్టుకుంది. ఎస్తేరు రెండు కుర్చీలు దాటి వెళ్లి ఆ మైకు ముందు నిలబడింది. తలెత్తలేదు. కాలేజీలో బల్లను చూసినట్టు నేల మీది గళ్లను చూస్తూ మాట్లాడింది.

"అందరి ట్యాబుల్లోనూ సంఘం అకౌంటు పెట్టింది నేను. అలా పెడితే ఒకరు రాసింది అందరికీ వెళ్తుంది. నాకు ఆ సంగతి తెలీదు. అక్కడ ఏదో రాసి ఉంది, చదవకుండా నొక్కాను. అది మాయమవడం కూడా దేవుడు చేయలేదు. నేను చదివి, భయమేసి తీసేశాను. ఎవరూ చూడరని ఆంటీకి నేనే చెప్పాను. నేను కంప్యూటర్లు చదవడం లేదు. చరిత్ర చదువుతున్నాను. శుక్రవారం వీడియో చూసి శనివారం మీకు చెప్పాను. నాకు ఏమీ రాదు."

అన్నివైపుల నుంచీ ఒక్కసారే మాటలు లేచాయి. "వీడియో చూసి చెప్పిందా?" "నా దాంట్లో ఫోటోలు కూడా అందరికీ వెళ్లాయా ఏంటి?" "పిన్నికి తెలీదా ఇదంతా?" ఎవరో కిసుక్కున నవ్వారు. పిన్ని ముఖం చూసే ధైర్యం ఎస్తేరుకు లేకపోయింది. రాహేలమ్మ మాత్రం మైకులోనే, అది మైకన్న సంగతి మర్చిపోయి, "అయితే నా ఉల్లిపాయలు కూడా అందరూ చూశారా?" అంది. ఈసారి హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఎస్తేరు ఒంటికి వేడినీళ్లలా తగిలింది.

పాస్టరుగారు లేచారు. శాలువాల వైపు చూశారు, చివరి వరుస వైపు చూశారు. "ఆ రోజు అడక్కుండా నర్సని చెప్పింది నేను. ఆ తప్పులో నాకూ పాలుంది" అని, "ప్రార్థన చేద్దాం" అన్నారు.

ఆరాధన అయ్యాక వెంకటేశప్పను పైకి పిలుచుకొచ్చింది ఎస్తేరు. ఆయన, సంఘం అకౌంటు ఎలా తీసేయాలో ఒకసారి చూపించి, "ఫ్రెండుకు తెలిసిందా ఇప్పుడు?" అని మాత్రం అడిగి దిగిపోయాడు. హాలు మూలన బల్ల వేసుకుని కూర్చుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ట్యాబు బల్ల మీద పెడుతున్నారు. ఇంతకుముందులా చేతికి ఇవ్వడం లేదు. ఒకామె "ఇప్పుడైనా సరిగ్గా చేస్తున్నావా, ఇంకేదన్నా తగలబెడుతున్నావా?" అంది. ఇంకొకామె కూతురితో, "నువ్వు పక్కన నిలబడి చూడు" అంది. అన్నిటికీ ఎస్తేరు తల ఊపింది. పిన్ని అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది, రమ్మని పిలవకుండానే.

రాహేలమ్మ వచ్చి ట్యాబు ముందుకు తోసింది. "ఆ ఫోటోలు అయిదూ ఉన్నాయి. తీసెయ్" అంది పక్కకు చూస్తూ. తీసేశాక, "అంతేనా? ఇంకెక్కడా లేవుగా?" అని రెండుసార్లు అడిగింది. వెళ్తూ వెళ్తూ, "దేవుడి పేరు చెప్పి ఎంత మాట అన్నాను..." అని తనలో తనే గొణుక్కుంది.

చివరికి విజయకుమారి వచ్చింది. ట్యాబు బల్ల మీద పెట్టలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వు ముట్టుకోవద్దు. ఎక్కడ నొక్కాలో చెప్పు. నేనే నొక్కుతా."

ఎస్తేరు చెప్పింది. పగిలిన వేళ్లతో, తెర ఒక్కోసారి మాట వినకపోయినా, ఆమె ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్లింది. పాటలన్నీ మాయమయ్యాయి. నోట్సు ఖాళీ అయింది.

"ఆంటీ" అంది ఎస్తేరు. క్షమించమని అడగాలి. ఆ మాట ఎంత చిన్నదో నోటికి వచ్చాక గానీ తెలియలేదు. "నిన్న మెట్ల మీద..."

"అదే." విజయకుమారి గొంతు గట్టిపడింది. "అకౌంటు సంగతి నీకు తెలీదు, సరే. చిన్నపిల్లవి. కానీ నిన్న నీకు తెలుసు. నా ముఖంలోకి చూసి తెలీదన్నావు. దేవుడు నన్ను వదిలేశాడని రాత్రంతా పడి ఉన్నానే. ఒక్క ముక్క చెప్పి ఉంటే నాలుగు మెతుకులు తినేదాన్ని."

ఎస్తేరు తల దించుకుని బల్ల వైపు చూసింది.

విజయకుమారి ట్యాబు సంచిలో పెట్టుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"పొద్దున్నుంచీ అందరూ నన్నే చూస్తున్నారు. నువ్వు లేచాక అందరూ నీవైపు తిరిగారు. అప్పుడు కాస్త ఊపిరాడింది నాకు. అంతవరకే. దాన్నే క్షమించడం అనుకోకు."

"అనుకోను ఆంటీ."

"నాకు రెండింటికి డ్యూటీ" అంది విజయకుమారి. "ముందు ఏదన్నా తినాలి." మెట్లు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. ఎస్తేరు బల్ల దగ్గరే కూర్చుంది. ముఖం ఇంకా మండుతూనే ఉంది. ఇంటికి వెళ్లాక పిన్ని ముందు ఎలా నిలబడాలో తెలీదు. అమ్మగారు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే, లేచి వెళ్లి రెండో వైపు నుంచి పేర్చడం మొదలుపెట్టింది.